పాత కార్లతో కొండెక్కాలంటే ఏది మేలు: అరకా, లంబసింగా, మారేడుమిల్లా?

జనవరిలో కొండ మీద కలుద్దామని అనుకున్న రోజు నుంచి మా పాతకార్ల బృందంలో ఒకటే ప్రశ్న. "మళ్లీ అరకేనా? లంబసింగి ఎందుకు వద్దు?" అని వైజాగ్ వాళ్లు. "మారేడుమిల్లి రోడ్డు ఒక్కసారి చూడండి, తర్వాత మాట్లాడదాం" అని రాజమండ్రి వాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు చూసొచ్చి చెప్పడమే మేలనిపించింది. అక్టోబరు ఆఖర్లో, వానలు వెనకబట్టాక, మూడు ఘాట్లూ ఎక్కి దిగాను. వెళ్లింది మా 1986 ప్రీమియర్ పద్మిని కారులో, పక్కసీట్లో మా కార్ల మేస్త్రి. కొత్త కారేసుకుని చూసొస్తే ఉపయోగం లేదు. దానికి ఏ కొండయినా ఒకటే. మన బండికి ఎక్కడ ఆయాసం వస్తుందో మన బండే చెప్పాలి.

అందాల సంగతి నేను రాయను. బొర్రా గుహలు, లంబసింగి మంచు, మారేడుమిల్లి వాగులు మీరందరూ చూసినవే. నేను చూసింది ఒక్కటే: బండి వేడెక్కితే, బ్రేకు వాసనొస్తే, పక్కకు తీసి ఆపుకోవడానికి చోటుందా?

దీని మీదే ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. వచ్చేవి ముప్పై దాకా బండ్లు. వాటిలో సగం పద్మినీలు, ఐదారు అంబాసిడర్లు, మిగతావి మారుతి 800లు, రెండు జీపులు. పద్మిని ఇంజను 1089 సీసీ. నలుగురు మనుషులు, డిక్కీలో సామాను, రెండో గేరులో ఎడతెగని ఎక్కుడు. బండి నెమ్మదిగా పోతుంటే రేడియేటరుకు గాలి తగలదు, ఇంజను మాత్రం గట్టిగా పనిచేస్తూనే ఉంటుంది. పైపెచ్చు ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తొందరగా మరుగుతాయి. మరిగే వేడి ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, అంటే వెయ్యి మీటర్ల కొండకు మూడు డిగ్రీలు. రేడియేటరు మూత గట్టిగా ఉంటే ఆ మూడు డిగ్రీలు లెక్కలోకి రావు. మూతలో రబ్బరు అరిగిపోయిన బండికి వస్తాయి. మన వాటిలో ఆ మూత మార్చినవాళ్లెందరు?

ఇంకోటి పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం ఇథనాల్. అది 78 డిగ్రీలకే మరుగుతుంది. మన బండ్లలో పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. ఆ వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోతే కార్బొరేటరుకు చుక్క అందదు. బండి దగ్గినట్టు దగ్గి ఆగిపోతుంది. మైదానంలో పదేళ్లుగా ఒక్కసారి కూడా ఆగని బండి కొండ మీద ఆగేది ఇందుకే. అప్పుడు చేయగలిగింది పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారేదాకా ఆగడం. ఆ పావుగంట బండి ఎక్కడ నిలబడి ఉంటుందన్నదే నా ప్రశ్న.

ముందు లంబసింగి. నర్సీపట్నం దాటి డౌనూరు మీదుగా ఎక్కాం. రోడ్డు బాగుంది, చెట్ల నీడ ఉంది, నాకు మనసు పడింది కూడా. అయితే మైదానం నుంచి దాదాపు 1000 మీటర్ల ఎత్తుకు ఘాట్ గబగబా లాక్కుపోతుంది. సగం పైన ఒక మలుపు తిరగ్గానే మా బండి దగ్గింది. ఎడమపక్క కొండ చరియ, కుడిపక్క లోయ, పక్కకు తీయడానికి జానెడు జాగా లేదు. మేస్త్రి దూకి వెనక చక్రానికి రాయి పెట్టాడు. నేను వంద అడుగులు వెనక్కి పరిగెత్తి, మలుపు అవతల నిలబడి వచ్చేవాళ్లకు చెయ్యి ఊపాను. పది నిమిషాల్లో వెనక రెండు జీపులు, ఒక బస్సు, అరటిగెలల వ్యాను. బస్సు డ్రైవరు విసుక్కోలేదు. తన సీసాలో నీళ్లే ఇచ్చి, "ఇక్కడ పాతబండ్లు ఆగుతూనే ఉంటాయి బాబూ, కంగారు పడకండి" అన్నాడు. ఆయన అభయం ఇచ్చాడు గానీ నాకు మాత్రం ముప్పై బండ్లూ వరసగా ఆ మలుపులో కనిపించాయి. మధ్యలో ఒక్కటి ఆగితే వెనకవన్నీ ఎక్కుడు మీద హ్యాండ్‌బ్రేకు పట్టుకుని నిలబడాలి. మనలో ఎంతమంది హ్యాండ్‌బ్రేకులు ఎక్కుడు మీద నిలుస్తాయో ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు.

అది కూడా మామూలు రోజు, పగటిపూట. లంబసింగికి జనం వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో, తెల్లవారకముందు. చెరువులవేనం మబ్బులు చూడాలని చీకట్లో బయల్దేరిన కార్లన్నీ ఒకేసారి పైకి చేరతాయి. మనం వెళ్లేదీ ఆ నెలలోనే. ఆ చలిలో రాత్రంతా బయటపెట్టిన బ్యాటరీలు పొద్దున్న తిరగవు. చోక్ లాగి లాగి ప్లగ్గులు తడిసిపోతాయి. సున్నా దగ్గరకొచ్చే చలి మనుషులకు ముచ్చటే. బండ్లకు కాదు.

అయినా లంబసింగి వైపు లాగే కారణం ఒకటుంది, దాన్ని తక్కువ చేయను. పైనే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తొలి దాడి చేసిన పోలీసు స్టేషను ఉన్న ఊరు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఏజెన్సీలో రోడ్ల పనికి మన్యం మనుషులను కూలీ సరిగ్గా ఇవ్వకుండా వాడుకోవడం కూడా ఆ తిరుగుబాటు వెనక ఉన్న కోపాల్లో ఒకటి. ఈ కొండదారుల్లో బండి నడిపేవాళ్లం ఆ మాట గుర్తుంచుకోవాలి. పిల్లలకు ఆ ఊరు చూపించాలనుంది. దానికి వేరే రోజు, నాలుగు బండ్లు చాలు.

ఇక అరకు. వైజాగ్ నుంచి కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర మీదుగా 115 కిలోమీటర్ల దాకా. ఎత్తు చూస్తే లంబసింగికి తీసిపోదు. గాలికొండ దగ్గర రోడ్డు వెయ్యి మీటర్లు దాటేస్తుంది, అక్కడి నుంచి సుంకరమెట్ట వైపు దిగి అరకు చేరుతుంది. తేడా ఎక్కడంటే, ఈ ఎక్కుడు విడతలు విడతలుగా ఉంటుంది. తైడా దగ్గర ఒకసారి ఊపిరి పీల్చుకోవచ్చు. తర్వాత డముకు. తర్వాత అనంతగిరి, కాఫీ తోటల పక్కన టీకొట్లు, బొంగుచికెన్ పొగలు, వాటి ముందు కార్లు ఆపుకునే చదును నేల. తర్వాత గాలికొండ వ్యూపాయింటు. ఇంజను వేడి చూపే ముల్లు మూడొంతులు దాటితే చాలు, ఎక్కడుంటే అక్కడ ఆపేద్దామని నేనూ మేస్త్రీ ముందే అనుకున్నాం. అరకు దారిలో మూడుసార్లు ఆపాం. మూడుసార్లూ నాలుగు చక్రాలూ రోడ్డు దిగి నిలబడ్డాయి. నాకు ఇంతకంటే చెప్పాల్సిందేం లేదు.

మలుపులు మాత్రం ఇక్కడే ఎక్కువనిపించాయి. స్టీరింగు పక్కనే గేరు కర్ర ఉండే బండ్లవాళ్లకు చేతులు నొప్పెడతాయి. ఆదివారం టూరిస్టు బస్సుల రద్దీ కూడా తక్కువేం కాదు. నేను వెళ్లినప్పుడు కొన్నిచోట్ల రోడ్డు పని జరుగుతూ కంకర పరిచి ఉంది. బయల్దేరే వారం ముందు మళ్లీ కనుక్కుంటాను.

దిగుడు గురించి విడిగా చెప్పాలి. ఎక్కేటప్పుడు బండి ఆగితే పరువు పోతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు పోతే మనుషులు పోతారు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, పాత అంబాసిడరుకూ అంతే. డ్రమ్ములో పుట్టిన వేడి తొందరగా బయటికి పోదు. అదీకాక బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందంటే 140కే మరుగుతుంది. మరిగితే పెడల్ స్పాంజిలాగా లోపలికి పోతుంది, బండి ఆగదు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటాక మాటల్లో పడి నేను మూడో గేరులోనే బ్రేకు తొక్కుతూ వస్తున్నాను. కాలిన వాసన ముందు మేస్త్రి ముక్కుకే తగిలింది. "బాబూ, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని మీకు నేను చెప్పాలా?" అన్నాడు. ఆ గొంతు ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు. డముకు దగ్గర ఆపి అరగంట కూర్చున్నాం. నీళ్లు పోస్తానంటే పోయనివ్వలేదు, వేడి డ్రమ్ము పగులుతుందని. ఆ అరగంట కూర్చోవడానికి చోటు దొరికింది కాబట్టే ఇది ఇలా రాస్తున్నాను.

అరకు నుంచి పాడేరు మీదుగా దిగితే ఒక చుట్టు పూర్తవుతుందని కొందరు అడిగారు. పాడేరు ఘాట్ నిటారు. అమ్మవారి పాదాల దగ్గర డ్రైవర్లందరూ ఆగి దణ్ణం పెట్టుకుని కదిలే దారి అది. నాకు ఆ అమ్మవారంటే భక్తి ఉంది, కానీ ముప్పై పాతబండ్ల బ్రేకులను ఆవిడ మీద వదిలేయలేను. వెళ్లిన దారినే దిగుదాం.

మారేడుమిల్లి విషయంలో రాజమండ్రి వాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మూడింటిలో నడపడానికి హాయైన రోడ్డు అదే. రంపచోడవరం నుంచి అడవిలోకి దారి మెల్లగా ఎత్తెక్కుతుంది, ఎండ తగలదు, మా బండి ముల్లు సగం దాటలేదు. అసలు ఘాట్ ఊరు దాటాక చింతూరు వైపు ఉంటుంది. మనం ఊళ్లోనే ఆగితే ఆ గొడవే లేదు. బండ్ల కోసమే చూస్తే మొదటి ఓటు దీనికే వేసేవాణ్ని. వైజాగ్ నుంచి 200 కిలోమీటర్ల పైమాటే కావడం ఒక ఇబ్బంది. అందులో ఎక్కువ భాగం హైవే మీద లారీల మధ్య 60లో పోవాలి. రెండోది, అడవిలో చాలాచోట్ల ఫోను పలకదు. వెనకబడ్డ బండి ఏమైందో ముందువాళ్లకు తెలియదు. మూడోది, ముప్పై ఇంజన్లు, హారన్లు, రాత్రి పాటలు. అడవిలోకి వెళ్లి ఆ గోల చేయడం నాకు ఇష్టం లేదు. రాజమండ్రి, కాకినాడ బండ్లు పది ఉంటే మాత్రం మీరు విడిగా అక్కడే కలుసుకోండి. నేనూ వస్తాను.

శ్రీశైలం దారి ఎందుకు కాకూడదని హైదరాబాదు మిత్రులు అడిగారు. నల్లమలలో టైగర్ రిజర్వు గేటు రాత్రి 9 నుంచి పొద్దున్న 6 దాకా మూసేస్తారు. ఆలస్యమైన బండి అడవి బయటే పడిగాపులు కాయాలి. మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ చల్లగా బాగుంటుంది, మనలో ఎక్కువమందికి మరీ దూరం.

అరకు వైపు మొగ్గడానికి ఇంకో చిన్న కారణం రైలు. వైజాగ్ నుంచి పొద్దున్నే కిరండూల్ బండి అరకు మీదుగా పోతుంది. అమ్మానాన్నలను, చంటిపిల్లల తల్లులను అందులో పంపిస్తే కార్లలో బరువు తగ్గుతుంది. ఇద్దరు మనుషులు తగ్గితే పద్మినికి అది ఎంత ఊరటో ఎక్కినవాళ్లకు తెలుసు. ఏ బండయినా మొరాయిస్తే అందులోని మనుషులు ఇల్లు చేరడానికీ ఒక దారి ఉంటుంది.

కాబట్టి అరకుకే ఏర్పాట్లు మొదలుపెడుతున్నాను. వచ్చేవాళ్లు రేడియేటరు మూత, పెట్రోలు గొట్టాలు, బ్రేకు ఆయిలు ఈ నెలలోనే మార్చించుకోండి. గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునేవి అడిగి తీసుకోండి. పాత రబ్బరు మెత్తబడి కారుతుంది. చక్రానికి పెట్టే చెక్క దిమ్మ, ఐదు లీటర్ల నీళ్లు, రెండు పాత తువ్వాళ్లు ప్రతి బండిలో ఉండాలి. శనివారం పొద్దున్న 6 గంటలకు శృంగవరపుకోటలో ట్యాంకులు నింపుకుని కదులుదాం. అన్నిటికంటే పాతదైన మార్క్ 2 అంబాసిడర్ ముందు నడుస్తుంది, దాన్నెవరూ దాటొద్దు. మేస్త్రి ఆఖరి బండిలో ఉంటాడు. మొదటి ఆగుడు తైడా. అక్కడ బానెట్లన్నీ తెరిచి, చివరి బండి వచ్చి చల్లారేదాకా ఎవరం కదలం.