డీఎన్‌ఎస్‌మాస్క్: పదేళ్ల వాడకం, రెండు విడతల బఫర్ ఓవర్‌ఫ్లోలు

చిన్న నెట్‌వర్క్‌లో వెబ్ పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌ను, పరికరాలకు చిరునామాలు కేటాయించే డీహెచ్‌సీపీని ఒకే ప్రోగ్రామ్‌తో నడపదలచినవారికి సైమన్ కెల్లీ రాసిన డీఎన్‌ఎస్‌మాస్క్‌ను మించిన ఓపెన్ సోర్స్ సాధనం నాకు ఇంతవరకు కనిపించలేదు. పదేళ్లకు పైగా దీన్ని రూటర్లలోనూ, వర్చువల్ మెషీన్లకు చిరునామాలిచ్చే సర్వర్లలోనూ నడుపుతున్నాను. కాన్ఫిగరేషన్ ఫైల్ ఇరవై పంక్తులు దాటడం అరుదు. ఒకసారి సరిగ్గా అమర్చితే నెలల తరబడి దాని జోలికి వెళ్లే పనే ఉండదు. భద్రత విషయానికి వచ్చేసరికి ఈ గుణమే ఇబ్బంది తెచ్చిపెడుతుంది, ఎందుకంటే జోలికి వెళ్లని ప్రోగ్రామ్‌కు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే దిద్దుబాటు) వేయాలన్న సంగతి కూడా గుర్తుకు రాదు.

2017 అక్టోబర్‌లో గూగుల్ భద్రతా బృందం ఇందులో ఏడు లోపాలను బయటపెట్టింది. వాటిలో సీవీఈ-2017-14493ను (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అర్థం చేసుకోవడానికి నేను సోర్స్ కోడ్ తెరిచి చూశాను. డీహెచ్‌సీపీవీ6 (ఐపీవీ6 చిరునామాలిచ్చే డీహెచ్‌సీపీ) రిలే సందేశంలో, అంటే మధ్యవర్తి ద్వారా చేరే సందేశంలో, క్లయింట్ మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) వస్తుంది. దాన్ని దాచుకోవడానికి ప్రోగ్రామ్ స్టాక్ అనే మెమరీ భాగంలో కేటాయించిన చోటు 16 బైట్లు. అయితే ఎన్ని బైట్లు కాపీ చేయాలన్నది ఆ ప్యాకెట్‌లోనే రాసి ఉన్న పొడవును బట్టి నిర్ణయమయ్యేది, అంటే గిద్దెడు పట్టే పాత్రలో ఎంత పోయాలో పోసేవాడి ఇష్టానికే వదిలేసినట్టు. బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇదే. పొడవు 16కు మించితే ఆ సందేశాన్ని తిరస్కరించే ఒక్క పోలికే దీనికి దిద్దుబాటు. ఆ పంక్తిని చూసినప్పుడు, అన్నేళ్లుగా నేను నమ్మి నడిపిన సర్వర్లు అది లేకుండానే పనిచేశాయన్న సంగతి నన్ను నిజంగా కలవరపెట్టింది. అదే జాబితాలోని సీవీఈ-2017-14491 డీఎన్‌ఎస్ భాగంలో, హీప్ అనే మరో మెమరీ ప్రాంతంలో జరిగే ఓవర్‌ఫ్లో, 2.76 వెర్షన్‌కు ముందు దానికి హద్దే లేదు, ఆ తరువాత రెండు బైట్లకు పరిమితమైంది. ఏడింటికీ 2.78 వెర్షన్‌లో దిద్దుబాట్లు వచ్చాయి.

నా సర్వర్లలో 2.78 వేసే పని గంటలోపే ముగిసింది. రూటర్ విషయం వేరు. దాని ఫర్మ్‌వేర్‌లో (పరికరంలోనే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉన్న డీఎన్‌ఎస్‌మాస్క్ చాలా పాతది, తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తారేమోనని నెలల పాటు ఎదురుచూసి, చివరకు ఆ పెట్టెను పక్కనపెట్టి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ నడిచే మరో రూటర్‌కు మారాను. కెల్లీ ప్యాచ్ ఇవ్వడంలో ఆలస్యం చేయలేదు కాబట్టి ఈ కాలయాపనను ప్రోగ్రామ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

2021 జనవరిలో జేఎస్‌ఓఎఫ్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు డీఎన్‌ఎస్‌పూక్ పేరుతో మరో ఏడు లోపాలను ప్రకటించారు. మూడు క్యాష్ పాయిజనింగ్‌కు (దాచుకున్న డీఎన్‌ఎస్ జవాబుల్లో తప్పుడు జవాబు చొప్పించడానికి) సంబంధించినవి, మిగిలిన నాలుగూ డీఎన్‌ఎస్ జవాబులను సంతకంతో సరిచూసే డీఎన్‌ఎస్‌సెక్ కోడ్‌లోని బఫర్ ఓవర్‌ఫ్లోలు. వచ్చిన జవాబు నిజమైనదేనా అని సంతకాన్ని సరిచూడకముందే, ఆ జవాబులోని రికార్డులను వరుసపెట్టే దశలోనే మెమరీ పొంగిపొర్లేది. భద్రత కోసమని నేను ప్రత్యేకంగా ఆన్ చేసుకున్న సౌకర్యమే దాడికి దారి ఇచ్చిందని తెలిసి చాలా బాధపడ్డాను. 2.83 వెర్షన్ వేసేవరకు డీఎన్‌ఎస్‌సెక్‌ను ఆపి ఉంచాను, ఆ తరువాత మళ్లీ పెట్టుకున్నాను.

వెర్షన్ నంబర్‌ను మాత్రం గుడ్డిగా నమ్మకండి. చాలా లినక్స్ పంపిణీలు పాత నంబర్‌ను అలాగే ఉంచి దిద్దుబాటును మాత్రమే అందులో చేరుస్తాయి, కాబట్టి 2.76 అని కనిపించినంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. ప్యాకేజీ మార్పుల చిట్టాలో సీవీఈ నంబర్ కోసం వెతకాలి. వెర్షన్ అడిగినప్పుడు కింద వచ్చే కంపైల్ ఎంపికల వరుసను (ప్రోగ్రామ్‌లో ఏ సౌకర్యాలు చేర్చారో చెప్పే వరుసను) కూడా చదవాలి. అందులో డీఎన్‌ఎస్‌సెక్ ముందు ‘నో’ అని ఉంటే, 2021 నాటి నాలుగు ఓవర్‌ఫ్లోలు ఆ ప్రోగ్రామ్‌ను తాకవు.

ఇప్పటికీ నా నెట్‌వర్క్‌లో డీఎన్‌ఎస్‌మాస్కే నడుస్తోంది. లోపలి ఇంటర్‌ఫేస్‌లకు మాత్రమే అది జవాబిస్తుంది, అవసరం లేనిచోట డీహెచ్‌సీపీవీ6 ఆపి ఉంటుంది, కొత్త వెర్షన్ వచ్చిన వారంలోపు రూటర్‌తో సహా అన్నిచోట్లా మారుస్తున్నాను. ఫర్మ్‌వేర్ నవీకరణలు ఆగిపోయిన పెట్టెలో ఇది ఉన్నట్టయితే, ఆ పెట్టెను వాడవద్దనే చెబుతాను.