లివర్ బయాప్సీకి ఐహెచ్‌సీ: రెండు ల్యాబులు తిరిగాక రాస్తున్న రివ్యూ

రెండో ల్యాబ్‌కి ఐదుకి నాలుగున్నర స్టార్లు. మొదటిదానికి రెండు, అవి కూడా చెప్పిన రోజుకే రిపోర్టు చేతిలో పెట్టినందుకు. పేర్లు రాయను, రెండూ హైదరాబాద్‌లోనివే. ఐహెచ్‌సీ అంటే బయాప్సీ ముక్కలోంచి పలచటి పొరలు కోసి, ఒక్కో పొరలో ఒక్కో ప్రొటీన్ (దాన్నే మార్కర్ అంటారు) ఉందా అని రంగు వేసి చూసే పరీక్ష. ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది, అదే పాజిటివ్.

మా నాన్నకి లివర్‌లో గడ్డ ఉందని స్కాన్‌లో తేలింది. సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) లేదు, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ప్రొటీన్‌కి చేసే రక్త పరీక్ష) నార్మల్, సీటీ చూసి ఫలానా అని చెప్పలేమన్నారు. ఖమ్మంలో బయాప్సీ చేయిస్తే 'పూర్లీ డిఫరెన్షియేటెడ్ కార్సినోమా' అని వచ్చింది. అంటే క్యాన్సరే, కానీ కణాల రూపు బాగా చెడిపోవడంతో లివర్ కణాల్లో పుట్టిందా, పిత్తనాళాల్లో పుట్టిందా, పేగులోనో పొట్టలోనో మొదలై ఇక్కడికి పాకిందా అన్నది మామూలు గులాబీ, ఊదా రంగుల స్లైడ్‌లో తేలలేదు. అది తేలకపోతే మందు మొదలుపెట్టరు. పిత్తనాళాలదైతే జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ కీమో, లివర్ కణాలదై ఆపరేషన్‌కి కుదరకపోతే అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ లాంటివి, దేని దారి దానిదే.

బయాప్సీ ముక్కని పొదిగిన మైనం బ్లాక్ పట్టుకుని పొద్దున బస్సుకి బయల్దేరాను. దాంట్లో ఉన్నది దారప్పోగంత ముక్క. మొదటి ల్యాబ్ కౌంటర్లో అబ్బాయి "ప్యాకేజీ తీసుకోండి సార్, 12 మార్కర్లు, విడివిడిగా అయితే మీకే ఎక్కువ పడుతుంది" అన్నాడు. సరే అన్నాను, నాకేం తెలుసు. ప్రతి మార్కర్‌కీ ఆ దారప్పోగులోంచే ఒక పొర కోస్తారని నాకు అప్పుడు తట్టలేదు.

రిపోర్టు: లివర్ కణాలకి చూసే హెప్‌పార్-1 నెగటివ్, పిత్తనాళాల లాంటి చోట్ల కనిపించే సీకే7 అక్కడక్కడా పాజిటివ్, పేగుకి చూసే సీకే20, సీడీఎక్స్2 నెగటివ్, ఇంకా ఊపిరితిత్తులకీ ప్రోస్టేట్‌కీ చూసే మార్కర్లు ఏవేవో, చివర్లో 'వేరే చోటి నుంచి వచ్చి ఉండవచ్చు' అని ఒక లైను. ఆ ఒక్క లైనుతో పది రోజులు పోయాయి. ఎండోస్కోపీ, పెట్ స్కాన్, కొలనోస్కోపీ. కొలనోస్కోపీ ముందు రోజు రాత్రి ఆ ఉప్పటి నీళ్లు లీటర్లకి లీటర్లు తాగలేక నాన్న గ్లాసు పక్కన పెట్టి "ఇంక నావల్ల కాదురా" అన్నాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

రెండో ల్యాబ్‌లో పాథాలజిస్ట్ మేడమ్ తనే ఫోన్ చేశారు. వయసెంత, ఏఎఫ్‌పీ ఎంత, సీటీ ఫిల్మ్ ఉందా అని అడిగి, "ముందు బ్లాక్‌లో ఎంత మిగిలిందో చూడనివ్వండి" అన్నారు. మూడే మార్కర్లు పెట్టారు: లివర్ కణాలకి చూసే ఆర్జినేస్-1, ఇంకా గ్లిపికాన్-3, సీకే19. తర్వాత అవసరమైతే ఉంటాయని రంగు వేయని స్లైడ్లు రెండు పక్కన దాచారు.

వెళ్లి అడిగితే మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి చూపించారు. ముక్క అంచున కాస్త మంచి లివర్ కూడా వచ్చింది. ఆర్జినేస్ స్లైడ్‌లో మంచి లివరూ గోధుమ రంగే, గడ్డా గోధుమ రంగే, కణాల మధ్యలో న్యూక్లియస్‌తో సహా. గ్లిపికాన్ స్లైడ్‌లో మాత్రం మంచి లివర్ నీలంగా ఉండిపోయి, గీత గీసినట్టు గడ్డ వైపే గోధుమ రంగెక్కింది. అది కడుపులో బిడ్డ లివర్‌లో ఉండి పెద్దయ్యాక కనిపించకుండా పోయే ప్రొటీనట, క్యాన్సర్‌లో మళ్లీ తలెత్తుతుందట. పిత్తనాళాల వైపు చూపించే సీకే19 నెగటివ్. హెపటోసెల్యులర్ కార్సినోమా, అంటే లివర్ కణాల్లోనే పుట్టిన క్యాన్సర్ అని రాసి సంతకం పెట్టారు.

మరి హెప్‌పార్ ఎందుకు నెగటివ్ అంటే, గడ్డ ఇలా రూపు చెడినప్పుడు అది తరచూ పట్టదు, ఆర్జినేస్ ఇంకాస్త నమ్మకం అన్నారు. సీకే7 కూడా కొన్ని లివర్ క్యాన్సర్లలో అక్కడక్కడా కనిపిస్తుందట. పైగా హెప్‌పార్ కొన్ని పొట్ట క్యాన్సర్లలోనూ వస్తుంది కాబట్టి ఏ ఒక్కదాన్నీ పట్టుకుని చెప్పకూడదన్నారు. ఆ 12లో ఆర్జినేస్ లేనేలేదు, ఇంటికొచ్చి పాత రిపోర్టు మళ్లీ చూస్తే ఒళ్లు మండింది.

ఖర్చు మూడింటికీ కలిపి 5,400, నాలుగు రోజులు పట్టింది. ప్యాకేజీలో సగం కూడా కాదు. మీరు వెళ్తే కౌంటర్లో డబ్బు కట్టకముందే పాథాలజిస్ట్‌తో మాట్లాడించమనండి, ఏ మార్కర్లు, ఎందుకు, ముక్క సరిపోతుందా అని అడగండి.

అర స్టార్ ఎందుకు కోశానంటే, బ్లాక్ వెనక్కి కావాలంటే మనిషే రావాలి, కొరియర్ చేయరు. మళ్లీ ఖమ్మం నుంచి బస్సెక్కాను.