షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపిక: మార్కులా, వాదనలా, ఒక్కరి మాటా, జనం ఓట్లా?

ఫెస్టివల్ అయిపోయాక అందరూ మాట్లాడుకునేది బెస్ట్ ఫిల్మ్ ఎవరికి వచ్చిందనే. అసలు తీర్పు మాత్రం అంతకు నెలల ముందే, ప్రేక్షకులెవరూ లేని గదిలో అయిపోతుంది. 2024లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌కి 12,098 షార్ట్ ఫిల్ములు వస్తే 53 తీసుకున్నారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్ షార్ట్ ఫిల్ముల పోటీకి 4,420 వస్తే తెర మీదికి వెళ్లినవి 11. మన ఊళ్లలో ఫిల్మ్ క్లబ్బులూ కాలేజీలూ ఏటా పెట్టుకునే ఫెస్టివళ్లకి అంత వరద రాదు, రెండు మూడొందలు వస్తే గొప్ప. అయినా చిక్కు అదే. రెండు రోజులకి హాలు తీసుకుంటే ముప్పై నలభై సినిమాలకి మించి పట్టవు. మిగతావాటిని ఎవరు పక్కన పెట్టాలి, ఏ పద్ధతిలో?

మనవాళ్లు ఎక్కువమంది మొదట పట్టేది మార్కుల దారి. ఐదుగురికి లింకులు పంపుతారు, గూగుల్ షీట్‌లో పదికి ఎంతో వేయమంటారు, సగటు తీసి ఎక్కడో ఒకచోట గీత గీస్తారు. పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. ఎవరైనా ఫోన్ చేసి "మా సినిమా ఎందుకు రాలేదండీ" అంటే చూపించడానికి ఒక అంకె ఉంటుంది. నిర్వాహకులకి టెన్షన్ తక్కువ. సినిమాలకి మాత్రం దీనంత చేటు చేసే పద్ధతి ఇంకోటి లేదంటాను.

ఒక సినిమాకి ఐదుగురూ 6, 6, 7, 6, 6 వేశారనుకోండి. సగటు 6.2. ఇంకో సినిమాకి ఇద్దరు పదికి పది వేశారు, మిగతా ముగ్గురు 3, 3, 4. సగటు 6. గీత 6.1 దగ్గర పడితే మొదటిది లోపల, రెండోది బయట. మొదటి సినిమా హాస్టల్ మెస్‌లో పప్పు లాంటిది: ఎవరూ తిట్టరు, ఎవరూ ఇంకో గరిటె అడగరు. రెండోది ఇద్దరిని ఊపేసింది, ముగ్గురికి చిరాకు తెప్పించింది. ఫెస్టివల్ అంటూ పెట్టేది అలాంటి సినిమాలకి ఒక తెర దొరకాలనే కదా! సగటు ఏటా పైకి తెచ్చేది మాత్రం చక్కటి సందేశం, చివర్లో చిన్న ట్విస్టు, మధ్యలో రెండు డ్రోన్ షాట్లు ఉన్న సినిమాలనే.

ఇంకో తిరకాసు ఉంది. ఎంట్రీలు ఎక్కువైతే అందరూ అన్నీ చూడలేరు, పంచుకుంటారు. ధారాళంగా మార్కులు వేసే మాస్టారి వాటాలో పడ్డ సినిమాకి 8 వస్తుంది, అదే సినిమా పిసినారి వాటాలో పడితే 5. అప్పుడు తేడా సినిమాలో లేదు, పంపకంలో ఉంది. మార్కులే కావాలని పట్టుబడితే అంకెలు మానేసి, ఎవరి వాటాలోని సినిమాలని వాళ్లు వరసలో పేర్చమనండి. అప్పుడు ధారాళమూ పిసినారితనమూ రెండూ పోతాయి. ఏ ఒక్కరికీ ఏమాత్రం నచ్చని సినిమాలని మొదటి దఫాలో తీసేయడానికి ఇది చాలు. అంతకు మించి దీన్ని నమ్మకూడదు.

రెండోది, కూర్చుని వాదించుకోవడం. ఫ్రాన్స్‌లోని క్లెర్మో ఫెరాఁలో 1979లో విద్యార్థులు మొదలుపెట్టిన షార్ట్ ఫిల్ముల వారం ఇవాళ ప్రపంచంలోనే అతి పెద్ద షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్. అక్కడ అంతర్జాతీయ పోటీ, ఫ్రెంచి సినిమాల పోటీ కాకుండా ల్యాబ్ అని మూడో పోటీ ఉంది. కథలో ఇమడని, రూపంలో తిక్కగా ఉండే సినిమాలకి అది వేరే పందిరి. కథ చెప్పే సినిమాని, కథ వద్దనుకున్న సినిమాని ఒకే త్రాసులో వేస్తే రెండోది ఎప్పుడూ ఓడుతుంది. చిన్న ఫెస్టివల్‌కి మూడు పోటీలు పెట్టే స్తోమత ఉండదు, ఒక గంట సేపటి ప్రోగ్రాం అలాంటివాటికి విడిగా ఉంచితే చాలు.

వాదనలో ఉన్న గొప్పదనం ఏమిటంటే, పదికి పది వేసినవాళ్లు ఎందుకు వేశారో చెప్పాల్సి వస్తుంది. ఆ చెప్పడంలో మిగతావాళ్లు సినిమాని రెండోసారి చూస్తారు. మొదటిసారి సెల్‌ఫోన్‌లో, బస్సులో, 1.5 స్పీడులో చూసినవాళ్లు ఉంటారు, కాదని ఎవరూ అనరులెండి. సౌండ్ మీద నిలబడ్డ సినిమా ఫోన్ స్పీకర్లో చచ్చిపోతుంది. అందుకే చివరి అరవై డెబ్బై సినిమాలన్నా కమిటీ అంతా ఒకే గదిలో, మంచి స్పీకర్లతో, ప్రొజెక్టర్ మీద చూడాలి.

దీనికీ జబ్బు లేకపోలేదు. మన దగ్గర అది మరీ ముదురుతుంది. కమిటీలో ఒక పెద్దాయన ఉంటారు, ఇండస్ట్రీలో పేరున్నాయన. ఆయన "బాగుందయ్యా" అన్నాక "నాకు నచ్చలేదు సార్" అనే కుర్రాణ్ణి నేనైతే ఎక్కువగా చూడలేదు. మందు తేలికే: మాటలు మొదలవకముందే అందరూ తమకి కావలసిన సినిమాల పేర్లు చీటీ మీద రాసి పెట్టాలి, పెద్దాయన చివర్లో మాట్లాడాలి. దాంతోపాటు సభ్యుడికో సినిమా చొప్పున, ఎవరి ఒప్పుదలా అక్కర్లేకుండా లోపలికి తెచ్చే హక్కు ఇవ్వండి. ఆ సినిమా ముందు వేదికెక్కి దాన్ని పరిచయం చేసే బాధ్యత కూడా ఆ సభ్యుడిదే అంటే హక్కుని ఎవరూ తేలిగ్గా వాడుకోరు.

కమిటీ పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందనీ లేదు. ముంబయి అంతర్జాతీయ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ రెండేళ్లకోసారి జరుగుతుంది, నడిపేది సర్కారు. 2004 ఫెస్టివల్‌కి ముందు మన దేశపు సినిమాలకి సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలని నియమం తెచ్చారు, విదేశీ సినిమాలకి అక్కర్లేదన్నారు. వందలమంది దర్శకులు అడ్డం తిరిగితే నియమం వెనక్కి తీసుకున్నారు. తీరా ఎంపికలు వచ్చాక చూస్తే ప్రభుత్వాలకి మింగుడుపడని డాక్యుమెంటరీలు చాలా వరకు జాబితాలో లేవు. గుజరాత్ అల్లర్ల మీద రాకేశ్ శర్మ తీసిన సినిమా అలా బయట ఉండిపోయినవాటిలో ఒకటి, అదే ఏడాది బెర్లిన్‌లో దానికి అవార్డు వచ్చింది. బయట ఉండిపోయిన దర్శకులు ఊరుకోలేదు. అదే ముంబయిలో, అవే రోజుల్లో 'వికల్ప్' పేరుతో ఆ ఫెస్టివల్‌కి పోటీగా ప్రదర్శనలు పెట్టారు. సెన్సార్ చేయలేని పనిని సెలెక్షన్ చేసి పెట్టగలదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. కమిటీలో ఎవరున్నారో సినిమాలు అడిగేటప్పుడే చెప్పేయాలన్న పట్టుదల నాకు ఇలాంటివి చూసే కలిగింది.

మూడో దారి ఒక్క మనిషికి అప్పగించడం. ఆ మనిషి మంచివాడైతే (మంచిదైతే అని కూడా అనాలి, మన కమిటీల్లో ఆడవాళ్లు ఎందరో లెక్కపెట్టి చూడండి) ఫెస్టివల్‌కి ఒక రుచి వస్తుంది. ఏ సినిమా పక్కన ఏది వేయాలో తెలుస్తుంది. ఎంట్రీల కోసం కూర్చోకుండా వెతికి తెస్తారు. హైదరాబాద్ రవీంద్రభారతిలోని పైడి జయరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో శనివారాలు 'సినివారం' పేరుతో కొత్తవాళ్ల సినిమాలు వేస్తారు. సెలెక్టర్ అన్నవాళ్లు అలాంటి చోట వెనక వరసలో కూర్చుని జనం ఎక్కడ కదిలారో, ఎక్కడ ఫోన్లు తీశారో చూడాలి. కానీ ఏటా ఆయనే ఉంటే నాలుగో ఏడాదికి ఫెస్టివల్ ఆయన మిత్రమండలి అయిపోతుంది. రెండేళ్లకోసారి మనిషిని మార్చగలిగితేనే ఈ దారి పట్టండి.

ఇక జనం ఓట్లు. యూట్యూబ్‌లో పెట్టి ఎక్కువ లైకులు వచ్చినవి తీసుకుంటామనే పోటీలు మనకి కొత్త కాదు. అందులో గెలిచేది ఎక్కువ వాట్సాప్ గ్రూపులున్న మేనమామ. దీని మీద ఇంతకన్నా చెప్పేదేం లేదు. "ప్రేక్షకులే న్యాయమూర్తులు" అని పేరు పడ్డ ఫెస్టివల్ని మాత్రం ఒకసారి దగ్గరగా చూడాలి. 1998లో న్యూయార్క్‌లో ఒక ట్రక్కు మీద తెర కట్టి మొదలుపెట్టిన మాన్‌హటన్ షార్ట్‌లో ఇప్పుడు ఎన్నో దేశాల్లోని హాళ్లలో జనం ఓటు వేస్తారు. విజేతని తేల్చేది ఆ ఓటే. ఓటుకి వెళ్లే పది సినిమాలని మాత్రం నిర్వాహకులే ముందు ఏరతారు. సిడ్నీలో 1993లో ఒక కాఫీ హోటల్లో పుట్టిన ట్రాప్‌ఫెస్ట్‌కి వేలకి వేలు జనం పచ్చిక మీద కూర్చుని చూడ్డానికి వచ్చేవారు. అక్కడా ఫైనలిస్టులని ఏరింది ఫెస్టివల్ వాళ్లే. ఆఖరికి జనం పండగలు కూడా ఎంపికని జనానికి వదల్లేదు. ఓటు పెట్టాలనుకుంటే హాల్లో చూసినవాళ్ల చేత, చూసిన వెంటనే, ఒక్క అవార్డుకే పెట్టండి.

ఇన్ని దారుల్లో ఏది మేలంటే, చిన్న ఫెస్టివల్‌కి ఐదుగురి వాదన. మొదటి వడపోతకి వరసలు, చివరి జాబితాకి మాటలు, తెగకపోతే తేల్చడానికి ఒక మనిషి. ఆ మనిషి పేరు బ్రోచర్‌లో ఉండాలి.

ఏ దారి పట్టినా నిడివి దగ్గర అందరూ ఇరుక్కుంటారు. షార్ట్ ఫిల్ములని గంటన్నర ప్రోగ్రాములుగా కట్టి వేస్తారు. ఇరవై నాలుగు నిమిషాల సినిమా ఒకటి తీసుకుంటే ఎనిమిది నిమిషాలవి మూడు బయటికి పోతాయి. కాబట్టి చివరి సీట్ల దగ్గర "ఈ సినిమా బాగుందా" అన్న ప్రశ్న చాలదు, "ఆ మూడింటి కన్నా బాగుందా" అని అడగాలి. ఆస్కార్ వాళ్లు షార్ట్ ఫిల్ముకి టైటిళ్లతో కలిపి 40 నిమిషాల దాకా ఒప్పుకుంటారు, ట్రాప్‌ఫెస్ట్ ఏడు నిమిషాలు దాటనిచ్చేది కాదు. మన కుర్రాళ్ల సినిమాల్లో ప్రొడక్షన్ లోగోలు, పొగతాగరాదు కార్డు, స్పెషల్ థ్యాంక్స్ పేర్లు కలిపి మూడు నిమిషాలు అక్కడే పోతాయి. పదిహేను నిమిషాల పరిమితి పెడితే ఎడిటింగ్ వాళ్లే చేసుకొస్తారు.

యూట్యూబ్‌లో వచ్చేసిన సినిమా తీసుకోవాలా వద్దా? పెద్ద ఫెస్టివళ్లకి తొలి ప్రదర్శన పరువు. మనకి ఆ పట్టింపు అనవసరం. సుజీత్, తరుణ్ భాస్కర్ లాంటివాళ్లు పెద్ద సినిమాల్లోకి రాకముందు షార్ట్ ఫిల్ములు తీసినవాళ్లే, తెలుగులో ఆ షార్ట్ ఫిల్ములు పెరిగిందే యూట్యూబ్‌లో. ఎంట్రీ ఫీజు కూడా విద్యార్థులకి వద్దు. ఫీజు లేకపోతే ఫెస్టివళ్లకి ఎంట్రీలు పంపే ఫిల్మ్‌ఫ్రీవే లాంటి సైట్ల నుంచి ఎక్కడెక్కడివో సినిమాలు వచ్చి పడతాయన్నది నిజమే, అందుకు తెలుగు రాష్ట్రాల బయటివాళ్లకి మాత్రం కొంత రుసుం పెట్టుకోవచ్చు.

చివరగా ఒక ఇబ్బంది. మన షార్ట్ ఫిల్మ్ లోకం చిన్నది. ఈ సినిమాకి కెమెరా పట్టినవాడు ఆ సినిమాకి ఎడిటరు, ఇద్దరికీ గురువు కమిటీలో ఉంటారు. ఆ గురువు "నేను దీనికి ఓటు వేయను" అంటే సరిపోదు, ఆయన అక్కడ కూర్చున్నంత సేపు మిగతా నలుగురూ నోరు విప్పరు. ఆ సినిమా చర్చకి వచ్చినప్పుడు బయటికి వెళ్లి టీ తాగి రమ్మనండి. నిర్వాహకుల సొంత సినిమాలుంటే పోటీలో పెట్టకుండా, కావాలంటే ప్రారంభం రోజు విడిగా వేసుకోవచ్చు.