గ్రహాల వాచీనా, 400 ఏళ్ల క్యాలెండరా?

రెండూ జెనీవా వాచీల ప్రదర్శనల్లో ఆకట్టుకున్న చేతి గడియారాలే. ఫ్రెంచ్ నగల సంస్థ వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ 2014లో చూపిన మిడ్‌నైట్ ప్లానెటేరియం డయల్‌పై ఆరు గ్రహాలు సూర్యుడి చుట్టూ అసలు వేగంతోనే తిరుగుతాయి. భూమి చిన్న టర్కాయిస్ పూస, కుజుడు ఎర్రటి జాస్పర్ రాయి. బుధుడి చుట్టు 88 రోజులు, శనిది 29 ఏళ్లకు పైనే. ఏలినాటి శని లెక్కలు వింటూ పెరిగిన మనకు ఆ చివరి పూసను చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

స్విస్ వాచీల కంపెనీ ఐడబ్ల్యూసీ 2024లో తెచ్చిన పోర్చుగీజర్ ఎటర్నల్ క్యాలెండర్ పట్టుదల వేరు. నెలల రోజులనూ లీపు సంవత్సరాలనూ తనంతట తానే లెక్కేసుకునే మామూలు పర్పెచువల్ క్యాలెండర్ వాచీ 2100ను లీపు సంవత్సరం అనుకుని పొరబడుతుంది. ఇందులో 400 ఏళ్లకు ఒక్కసారి తిరిగే చక్రం ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఇంజినీరింగ్‌లో దీనిదే పైచేయి. నా ఓటు మాత్రం మొదటిదానికే. 2100 దాకా ఆ చక్రం గొప్పతనం బయటపడదు. బుధుడైతే మూడు నెలల్లోపే ఒక చుట్టు చుట్టేస్తాడు.