నాయన జీపు, 313 మిల్లీమీటర్ల చాసిస్ మీద: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా నాయన ఇరవై ఏళ్లకు పైగా తిరుపతి నుంచి తిరుమలకు జీపు తోలాడు. ఖాకీ టాపు, వెనక ఎదురెదురు బెంచీలు, పక్కన స్టెప్నీ. ఆ బండి అమ్మేశాక మా ఇంట్లో దాని ఫొటో ఒక్కటే మిగిలింది. 2021 వేసవిలో రేడియో కంట్రోల్ క్రాలర్ (రిమోట్‌తో రాళ్లెక్కించే చిన్న బండి) కిట్ తెప్పించుకున్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ ఫొటోనే. నాలుగేళ్లలో దాన్ని రెండుసార్లు పూర్తిగా విప్పి మళ్లీ బిగించాను. ఈ హాబీలోకి రావాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

క్రాలర్ వేగంగా పోయే బండి కాదు. మనిషి నడక కంటే నెమ్మదిగా, ఒక్కో రాయినీ పట్టుకుని ఎక్కుతుంది. నాలుగు చక్రాలూ తిరుగుతాయి, రెండు యాక్సిళ్లలోనూ డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లాక్ అయి ఉంటుంది కాబట్టి ఒక చక్రం గాల్లో ఉన్నా మిగతావి లాగుతాయి. అందుకు మూల్యం మలుపులో తెలుస్తుంది. చదును నేల మీద బండి చాలా వెడల్పుగా తిరుగుతుంది. ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4, 2017లో వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇందుకే. అందులో లాకును రిమోట్‌తోనే వేయొచ్చు, తీయొచ్చు. అది నా బడ్జెట్‌కు మించిన బండి. నేను తీసుకున్నది పేరూ ఊరూ లేని ఇనుప ఫ్రేము కిట్. కానీ దాని కొలతలు యాక్సియల్ ఎస్‌సీఎక్స్10 రెండో తరం బండివే. ఆ ఒక్క కారణంతోనే కొన్నాను. ఆ కొలతకు విడిభాగాలు చాలామంది చేస్తారు, ఒకటి పోతే ఇంకొకటి సరిపోతుంది. ఈ నాలుగేళ్లలో ఆ నిర్ణయం నన్ను చాలాసార్లు కాపాడింది.

ఒక విషయం ముందే చెప్పాలి. డబ్బా మీద 1/10, అంటే అసలు బండిలో పదో వంతు అని ఉంటుంది, దాన్ని నమ్మి కొలతలు వేయకండి. ఈ చాసిస్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 313 మిల్లీమీటర్లు. ఎస్‌సీఎక్స్10 మీద వచ్చిన జీప్ చెరోకీనే తీసుకోండి. అసలు బండి వీల్‌బేస్ 101.4 అంగుళాలు, అంటే సుమారు 2,576 మిల్లీమీటర్లు. అందులో పదో వంతు 258కి కాస్త తక్కువే అవుతుంది. నేను మొదట జీపు బాడీ అంతా పదో వంతుకే కోశాను. చాసిస్ మీద పెడితే పెద్దవాడికి చిన్నపిల్లాడి చొక్కా తొడిగినట్టు ఉంది. అదంతా పక్కన పడేసి, చంద్రగిరి రోడ్డులో ఒక మెకానిక్ షెడ్డులో అలాంటి జీపే ఉంటే టేపు పట్టుకుపోయాను. చక్రాల మధ్య దూరాన్ని 313తో భాగిస్తే ఎంత వచ్చిందో, మిగతా కొలతలన్నింటినీ దానితోనే భాగించాను. రెండో బాడీ సరిగ్గా కుదిరింది.

బాడీకి వాడింది సైన్‌బోర్డులు చేసే షాపులో దొరికే సన్‌బోర్డు అనే ప్లాస్టిక్ అట్ట. 3 మిల్లీమీటర్ల షీటు కట్టర్‌తో సులభంగా తెగుతుంది, తేలిక, ధర తక్కువ. బానెట్ వంపులకు మాత్రం 1 మిల్లీమీటరు స్టైరీన్ ప్లాస్టిక్ షీటు కావాలి, అది చెన్నై నుంచి తెచ్చుకున్నాను. సన్‌బోర్డుకు మన ఎండ పడదు. ఒక మే నెలలో కారు వెనక అద్దం కింద బండి పెట్టి రెండు గంటలు వదిలేశాను. వచ్చి చూస్తే ఒక పక్క మడ్‌గార్డు కిందికి వంగిపోయింది. దాన్ని చేత్తో సరిచేయలేం, మళ్లీ కోసి అంటించాల్సిందే. టాపు కోసం పాత ఖాకీ కాన్వాస్ గుడ్డ తీసుకెళ్తే మా వీధి దర్జీ అన్న కుట్లు సన్నగా వేసి ఇచ్చాడు. బండి మొత్తంలో నాకు బాగా నచ్చేది అదే. నంబరు ప్లేటు మీద ఏపీ 03 అని రాశాను. చిత్తూరు జిల్లా పాత కోడ్ అది. తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చిన ఏపీ 39 రాస్తే అది నాయన జీపు కాదు.

ఇక నడిపే సంగతి. మోటారు 35 టర్న్ (తీగ చుట్లు) బ్రష్డ్ రకం, బ్యాటరీ 2ఎస్ లైపో, అంటే రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ, 7.4 వోల్టులు. 3ఎస్ పెడితే వేగం పెరుగుతుంది గాని రాళ్ల మీద నాకు ఆ వేగంతో పని పడలేదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీతో గంటకు పైగా తిరుగుతాను. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) హాబీవింగ్ 1080. దీనికి పెట్టిన ప్రతి రూపాయీ సార్థకం. కారణం డ్రాగ్ బ్రేక్. ట్రిగ్గరు వదలగానే మోటారే చక్రాలను పట్టేస్తుంది, ఎంత నిటారు రాయి మీదైనా బండి అక్కడే నిలబడుతుంది. అంతకుముందు వాడిన మామూలు ఈఎస్‌సీతో దిగేటప్పుడు బండి జారి బోర్లా పడేది. నాయన ఓ రోజు చూసి, "దిగేటప్పుడు సెకండు గేర్లోనే రావాలరా, బ్రేకు తొక్కతా వస్తే డ్రమ్ములు కాలిపోతాయి" అన్నాడు. ఘాట్‌లో ఆయన ఇంజనుతో బండిని పట్టి దింపేవాడు. డ్రాగ్ బ్రేక్ చేసేదీ అదే పని. ప్రోగ్రాం చేసి పూర్తిగా వంద శాతం పెట్టుకున్నాను, ఇంతవరకు మార్చలేదు.

సర్వో, అంటే ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు, విషయంలో రెండుసార్లు దెబ్బ తిన్నాను. మొదటిది 25 కిలోల టార్క్ అని చెప్పి అమ్మిన చౌక రకం. రెండు బండల మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు లోపలి పళ్లు ఊడిపోయాయి. రెండోది గట్టిదే, కానీ అది బలంగా తిప్పిన ప్రతిసారీ బండి అర సెకను చచ్చిపోయి మళ్లీ లేచేది. రిసీవర్ పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. రిసీవర్‌లో ఏ లోపమూ లేదు. సర్వో ఇరుక్కుని ఎక్కువ కరెంటు లాగితే ఈఎస్‌సీ లోపలి బీఈసీ (రిసీవర్‌కూ సర్వోకూ కరెంటు ఇచ్చే భాగం) వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ రీసెట్ అవుతుంది. విడిగా ఒక బీఈసీ కొని 6 వోల్టులకు పెట్టి సర్వోకు నేరుగా ఇచ్చాక ఆ బాధ పోయింది. పెద్ద సర్వో కొనేవాళ్లు బీఈసీని కూడా అదే రోజు కొనుక్కోండి.

మా అసలు మైదానం చంద్రగిరి అవతల స్నేహితుడి మామిడితోపు. తోపు చివర గ్రానైట్ గుండ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ రాయి గరుకుగా ఉంటుంది కాబట్టి మెత్తటి టైరు బాగా పట్టుకుంటుంది. శేషాచలం అడవిలోకి బండి పట్టుకుపోవద్దు, అనుమతి లేకుండా వెళ్లకూడని చోటు అది. చంద్రగిరి కోట కూడా రక్షిత కట్టడం, అక్కడ రాళ్లు ఎక్కించడం సరికాదు. స్వర్ణముఖి ఎండినప్పుడు ఇసుకలో నడిపాను, ఇప్పుడు మానేశాను. సన్నటి ఇసుక సీల్ దాటి బేరింగుల్లోకి పోతుంది. ఒకే సీజనులో 5×10×4 మిల్లీమీటర్ల బేరింగులు ఆరు మార్చాను. ఇసుకలో దిగిన రోజు రాత్రే విప్పి శుభ్రం చేయగలిగితేనే దిగండి.

బరువు ఎక్కడ ఉందన్నది మోటారు కంటే ముఖ్యమని నాకు రెండో ఏడాదికి గాని అర్థం కాలేదు. బండి వెనక్కి బోల్తా పడుతుంటే ఇంకా బలమైన మోటారు కోసం వెతికాను. నిజానికి బ్యాటరీని వెనక నుంచి ముందుకు జరిపి, ముందు నకిళ్లు (యాక్సిలు చివర చక్రాన్ని పట్టి తిప్పే భాగాలు) ఇత్తడివి వేస్తే సరిపోయింది. వంటింటి కాటా మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూచాను. ముందు 1,750 గ్రాములు, వెనక 1,350. అదే బండ, అదే మోటారు, ఇప్పుడు తేలిగ్గా ఎక్కుతుంది.

స్క్రూలన్నీ ఎం3. మంచి 2, 2.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు కొనండి, చౌకవి స్క్రూ తలలు తినేస్తాయి. ఇనుములోకి పోయే ప్రతి స్క్రూకూ అది వదులు కాకుండా పట్టే థ్రెడ్‌లాకర్ జిగురు చుక్క పెట్టాలి. మోటారు మీది పినియన్, దానితో కలిసే స్పర్ గేర్ల మధ్య ఒక కాగితం ముక్క పెట్టి బిగించి తర్వాత లాగేస్తే సందు సరిగ్గా వస్తుంది. కిట్‌తో వచ్చిన జాయింట్ షాఫ్ట్ పిన్నులు మెత్తవి, మూడు నెలలకే అరిగాయి. లేత్ షాపులో చేయించినవి ఇప్పటికీ ఉన్నాయి. లైపోను ఆడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, నిండా చార్జి చేసి వారాల తరబడి వదలొద్దు. రేడియో, చార్జరుతో కలిపి నాకు మొదటి ఏడాది 38 వేల దాకా అయ్యింది. అందులో విదేశీ ఆర్డర్ మీద పడిన సుంకం కూడా ఉంది.

బాడీ పూర్తయ్యాక నాయనకు చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. టైర్లు పెద్దవయ్యాయన్నాడు. నిజమే, 1.9 అంగుళాల రిమ్ము మీద టైరు జీపుకు లావుగా కనిపిస్తుంది. 1.55 అంగుళాలవి తెప్పించాను. ముందు నకిల్ రిమ్ము లోపలి అంచుకు తగలకుండా కాస్త ఆకురాయి పట్టాల్సి వచ్చింది. బండి కింద ఎత్తు తగ్గింది, కొన్ని గుండ్లు ఇప్పుడు ఎక్కలేదు. అయినా వెనక్కి మార్చలేదు. ఆ తర్వాత ఆయన కిందికి వంగి చూసి, "కమాను పట్టీలు ఏవిరా?" అని అడిగాడు. పాత జీపు కింద ఉండే ఉక్కు పట్టీల స్ప్రింగులు అవి. నా కిట్‌లో నాలుగు వైపులా షాక్ అబ్జార్బర్లు, కాయిల్ స్ప్రింగులే. పోయిన నెల వెనక యాక్సిలుకు పట్టీలు వేశాను. మూడు వేస్తే బిగుసుకుపోయి చక్రం కదల్లేదు, ఒకటి తీసేశాను. రెండు పట్టీలతో తోపులో ఒక సాయంత్రం నడిపాం. రిమోట్ నాయన చేతిలోనే ఉంది.