పాత వ్యాగన్ఆర్‌కి సైలెన్సర్ రబ్బర్లు మార్పించా - ఆటోనగర్ షెడ్డు పని, కంపెనీ రబ్బర్లు, 5 నెలలు వాడాక నా మాట

ముందు అసలు సంగతి చెప్పేస్తా. మీ పాత కారు స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా కింద ఎక్కడో టంగ్ మంటుంటే, దానికి ఎవరైనా సైలెన్సర్ మొత్తం మార్చాలండీ అంటే, డబ్బులు తీసే ముందు ఆ సైలెన్సర్ని పట్టుకుని వేలాడే రబ్బర్లు ఒకసారి చూపించమని అడగండి. అరచేతిలో పట్టేంత ముక్కలు అవి. నాకు ఆ మాట ముందే చెప్పినోళ్ళు లేక నాలుగైదు నెలలు తిరిగా, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

మాది 2008 వ్యాగన్ఆర్, పెట్రోలు, ఏపీ 16 నంబరు. నాన్న కొన్న బండి. 2023లో 15 ఏళ్ళు నిండినప్పుడు అమ్మేయండి ఇంక దేనికి అని చుట్టాలందరూ అన్నారు, మాకు మనసొప్పలేదు, ఆర్సీ ఇంకో 5 ఏళ్ళకి రెన్యువల్ చేయించాం. ఇంజను ఇప్పటికీ బాగుంటది. మా ఇల్లు విజయవాడ సింగ్ నగర్, ఇది చెప్పటానికి కారణం ఉంది, 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు ఈ బండి తలుపు సగం దాకా నీళ్ళలో రోజుల తరబడి నిలబడిపోయింది. నీళ్ళు తగ్గాక స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి మీద ఎక్కించి తీసుకెళ్ళి ఆయిలు, ఫిల్టర్లు, సీట్లు, వైరింగు అన్నీ చేయించాం. కింద సైలెన్సర్ కొక్కేల గురించి మాత్రం ఎవరికీ ఆలోచన రాలేదు, నాకూ రాలేదు.

శబ్దం మొదట విన్నది అమ్మ. వెనక సీట్లో కూర్చుంటది కదా, గుంటూరు పిన్ని వాళ్ళింటికి వెళ్తుంటే "ఒరేయ్, నా కాళ్ళ కింద ఎవరో తలుపు కొడుతున్నట్టుంది రా" అంది. నేను డిక్కీలో జాకీ కదులుతుందేమో అనుకున్నా. తర్వాత వారానికి సిగ్నల్లో ఆగినప్పుడు కూడా సన్నగా జర్రుమని వణుకు మొదలైంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ, గేరేసి కదిలితే పోతది మళ్ళీ ఆగితే వస్తది. ఇంకో నెలకి కాజ టోల్ గేటు దాటాక ఒక వైపు రబ్బరు పూర్తిగా తెగి వెనక సైలెన్సర్ డబ్బా కిందకి వేలాడింది. రోడ్డు పక్క పంచర్ షాపు అతను బైండింగ్ వైరు నాలుగు చుట్లు తిప్పి కట్టిచ్చాడు, పాపం డబ్బులు కూడా తీసుకోలేదు. ఇల్లు చేరటానికి ఆ వైరు సరిపోయింది కానీ దాంతో వారం తిరగకండి దయచేసి, రబ్బరు స్థానంలో వైరు ఉంటే వణుకంతా నేరుగా బాడీకి ఎక్కుద్ది, ఆ వారం మా బండి ట్రాక్టర్ లాగా మోగింది.

తర్వాత ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళా, పేరొద్దు. అక్కడ బండి పైకెత్తి రెండు నిమిషాలు చూసి వెనక సైలెన్సర్ మొత్తం పోయింది, కొత్తది వేయాలి, లేబర్‌తో కలిపి 8,600 అన్నారు. ఏం పోయిందండీ, చిల్లు ఉందా అని అడిగితే పాత బండి కదా సార్ అన్నారు. పాత బండి అన్నది జబ్బు పేరు కాదు కదండీ. బండి దింపమని చెప్పి వచ్చేశా. దగ్గర్లో ఒక చిన్న మెకానిక్ లోకల్ రబ్బర్లు ఒక్కోటి 40 చొప్పున 2 వేశాడు, శబ్దం ఠక్కున ఆగిపోయింది, హమ్మయ్య అనుకున్నా. మూడో నెలలో మళ్ళీ అదే చోట అదే శబ్దం.

అప్పుడు మా ఆఫీసులో లారీలున్న ఒకాయన చెప్తే ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి వెళ్ళా. మన ఆటోనగర్ 1966 నుంచి ఉంది, లారీ బాడీల దగ్గర్నుంచి నట్టు బోల్టు దాకా అక్కడ దొరకంది లేదు అంటారు, కాకపోతే కొత్తగా వెళ్ళినోడికి ఏ సందులో ఎవరు మంచోళ్ళో తెలియదు. ఈ షెడ్డుకి పెద్ద బోర్డు కూడా లేదు, ఒక గుంత, ఒక రేకుల కప్పు, మేస్త్రి, ఇద్దరు కుర్రోళ్ళు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నేను రబ్బర్లు మార్చాలండీ అనగానే ఆయన స్పానర్ తియ్యలేదు, బండి ఆపి అరగంట చల్లారనివ్వు బాబూ టీ తాగిరా అన్నాడు. వేడి సైలెన్సర్ మీద చెయ్యి పెడితే తోలు ఊడుద్ది, వేడి మీద ఉన్నప్పుడు పైపు సాగి ఉంటది కాబట్టి రబ్బరు ఎంత వదులైందో కూడా సరిగ్గా తెలియదంట.

చల్లారాక ఆయన చేసిన మొదటి పని వెనక గొట్టం గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ ఊపటం. కొద్దిగా ఊగాలి, మెత్తగా ఊగి మళ్ళీ తన చోటుకి రావాలి. మాది ఊపితే డబ్బా వెళ్ళి కింద బాడీకి తగిలింది, అదే అమ్మ విన్న శబ్దం. తర్వాత గుంతలోకి దిగి లైటు పట్టుకుని నన్ను కూడా రమ్మన్నాడు. కస్టమర్ని కిందకి రమ్మని చూపించే మెకానిక్‌ని నేను ఇన్నేళ్ళలో మొదటిసారి చూశా.

కింద చూసింది చెప్తా. రబ్బరుకి రెండు కన్నాలు ఉంటాయి, పై కన్నంలో బాడీకి ఉన్న ఇనుప కొక్కెం, కింద కన్నంలో సైలెన్సర్‌కి వెల్డింగ్ చేసిన కొక్కెం. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డులాగా సాగిపోయింది. మధ్యలో ఉన్నవి బండితో వచ్చినవే అనుకుంటా, వాటిని బొటనవేలితో వంచితే ఎండిన చెరువులో మట్టి నెర్రెలు ఇచ్చినట్టు పగుళ్ళు విచ్చుకున్నాయి, లోపల దాకా. ఇంక ఆయన మూడు నెలల కిందటి లోకల్ రబ్బరు తీసి నా చేతిలో పెట్టి కన్నంలో వేలు పెట్టి చూడమన్నాడు. లోపల గోకినట్టు, రంపంతో కోసినట్టు ఉంది. "రబ్బరు తప్పు సగమే బాబూ, ఆ కొక్కెం చూడు" అన్నాడు. కొక్కెం నిండా తుప్పు, పొరలు పొరలుగా లేచి అంచులు గరుగ్గా ఉన్నాయి. వరద నీళ్ళలో నానిన కొక్కెం అది. ప్రతి గతుక్కీ ఆ తుప్పు అంచు రబ్బరుని కోస్తా ఉంది. అప్పటిదాకా నేను ఆ లోకల్ రబ్బర్లని, వేసినతన్ని తిట్టుకుంటానే ఉన్నా, కొక్కెం సాఫు చేయకుండా ఎంత మంచి రబ్బరు వేసినా ఇంతే అయ్యేది.

అక్కడితో ఆపలేదు. బోనెట్ ఎత్తి కుర్రోణ్ణి ఎక్కించి బ్రేక్ నొక్కి క్లచ్ కొద్దిగా వదలమన్నాడు, ఇంజను ఎంత ఎగురుతుందో చూశాడు. ఇంజనుని బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు పోతే ఇంజను ఎగిరినప్పుడల్లా దానికి బిగించిన పైపునీ లాగుద్ది, ఆ లాగుడంతా వెనక రబ్బర్ల మీద పడుద్ది, అప్పుడు రబ్బర్లు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదంట. మాది ఫర్వాలేదు అన్నాడు. తర్వాత స్టార్ట్ చేయించి వెనక గొట్టాన్ని తడిగుడ్డతో ఒక్క క్షణం అదిమిపెట్టాడు, మధ్య జాయింట్ దగ్గర బుస్సుమంది, అక్కడ నల్లటి మసి కూడా పట్టి ఉంది. డబ్బా వేలాడి వేలాడి ఆ బరువు జాయింట్ మీద పడి, పొగ బయటికి రాకుండా మధ్యలో ఉండే ప్యాకింగ్ పోయింది. నాకు నిజంగా భయమేసింది ఇక్కడ, ఎందుకంటే ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అద్దాలు మూసి ఏసీ వేసుకుని గుంటూరు దాకా గంటసేపు అమ్మ వెనకే కూర్చుంటది. రబ్బరు ముక్క కదా అని నెలలు వదిలేస్తే సంగతి ఇక్కడికి వస్తది.

రబ్బర్ల సంగతికి వస్తా. ఆయన నన్నే స్పేర్స్ షాపుకి పంపాడు, ఆర్సీ కాపీ తీసుకెళ్ళు, ఛాసిస్ నంబరు చెప్పు, మారుతీ జెన్యూన్ పార్ట్స్ ప్యాకెట్టే అడుగు, హోలోగ్రామ్ చూసుకో అని. మాకు మార్చాల్సినవి 4, అన్నీ కలిపి 380 అయ్యాయి. మోడల్‌ని బట్టి ఎన్ని ఉంటాయో, ఏ ఆకారమో మారుద్ది కాబట్టి మీ బండి కింద చూసి లెక్కపెట్టుకోండి, కంటితో ఒకేలా ఉన్నాయని వేరే మోడల్‌వి తీసుకోకండి, కన్నానికీ కన్నానికీ మధ్య దూరం కొంచెం తేడా ఉన్నా డబ్బా కిందకో పైకో పోతది. లోకల్దీ కంపెనీదీ పక్కపక్కన పెట్టి నొక్కి చూశా. లోకల్ది వేలితో నొక్కితే గమ్మున లోపలికి పోయింది, కంపెనీది ఎదురు తిరుగుద్ది, వదిలితే వెంటనే సర్దుకుంటది. కన్నం చుట్టూ అంచు కూడా నున్నగా ఉంది, లోకల్దానికి అచ్చులో పోసినప్పటి పీలికలు అలాగే వేలాడుతున్నాయి. 40కీ 95కీ మధ్య తేడా 55 రూపాయలు, పార్కింగ్‌కి ఇచ్చేంత.

వేసే పద్ధతి కూడా చెప్తా, ఇంట్లో చేసుకునేవాళ్ళకి పనికొస్తది. కొక్కెం చివర లావుగా బుడిపెలా ఉంటది, రబ్బరు జారిపోకుండా. అందుకే తియ్యటం, ఎక్కించటం రెండూ కష్టమే. నేనైతే ఆయిలో గ్రీజో రాస్తారనుకున్నా. కుర్రోడు ఆయిల్ డబ్బా అందుకోబోతే మేస్త్రి గట్టిగా ఒక అరుపు అరిచాడు. ఇంజనాయిలు, గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడి తొందరగా పోద్ది. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో ముంచి ఎక్కించాడు, నీళ్ళు ఆరిపోతాయి ఏమీ మిగలదు. దానికి ముందు ప్రతి కొక్కేన్నీ వైరు బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో తెల్లగా వచ్చేదాకా రుద్ది, గోరుతో గీసి ఎక్కడా గరుకు లేదని చూసుకున్నాడు, ఒక కొక్కెం బాగా సన్నబడిందని వెల్డింగ్ షాపు అబ్బాయిని పిలిచి కొత్త కడ్డీ పెట్టించాడు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగ విప్పేశారు. డబ్బా కింద చెక్క దిమ్మ పెట్టి బరువు ఆపి ఒక్కొక్కటీ ఎక్కించారు. నాలుగూ ఒకేసారి ఎందుకండీ బాగున్నవి ఉంచొచ్చు కదా అంటే, కొత్తది గట్టిగా పాతది వదులుగా ఉంటే బరువంతా కొత్తదే మొయ్యాలి అన్నాడు, ఆ మాట నచ్చింది.

అసలు ఇంత బరువున్న ఇనుప గొట్టాన్ని బోల్టు వేసి బిగించెయ్యొచ్చు కదా రబ్బరు దేనికి అని మా తమ్ముడు అడిగాడు. మీటరు పొడుగు ఇనుప పైపు 100 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరు పైనే సాగుద్ది, ఇంజను దగ్గర వేడి వందల డిగ్రీల్లో ఉంటది, పైపేమో కారు మొత్తం పొడుగూ ఉంటది. దానికి సాగటానికి చోటు కావాలి, ఇంజనుతో పాటు ఊగటానికి చోటు కావాలి, ఆ వణుకు సీటు దాకా రాకూడదు. బిగించేస్తే ఎక్కడో ఒకచోట పగలాల్సిందే.

ఖర్చు: రబ్బర్లు 380, ప్యాకింగ్, బోల్టులు 220, వెల్డింగ్ 150, మేస్త్రి లేబర్ 500. మొత్తం 1,250. ఆ 8,600 పక్కన పెట్టి చూడండి.

షెడ్డులో నచ్చనివీ చెప్పాలి. గంటలో అయిపోద్ది అన్నది మధ్యాహ్నం 2 దాటింది, మధ్యలో ఒక లారీ వస్తే అటు వెళ్ళిపోయారు, గంటన్నర ఖాళీగా కూర్చున్నా. కూర్చోటానికి ఒక టైరు తప్ప ఏమీ లేదు, అమ్మని తీసుకెళ్ళాల్సింది కాదు, మే నెల అయితే ఆ రేకుల కింద పెద్దవాళ్ళు ఉండలేరు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. ఇంక బండి ఎక్కించే ముందు ఫోన్ చేసి మేస్త్రి ఉన్నాడో లేదో కనుక్కోండి, ఆయన లేకపోతే కుర్రోళ్ళు అంత వివరంగా చూస్తారన్న నమ్మకం నాకు లేదు.

5 నెలలు అయింది. కనకదుర్గ ఫ్లైఓవర్ జాయింట్ల మీద, మా వీధిలో వరద తర్వాత ఇంకా సరిగ్గా వెయ్యని రోడ్డు మీద, రెండు చోట్లా ఒక్క శబ్దం లేదు. సిగ్నల్లో ఆగితే స్టీరింగ్ మీద వణుకు పోయింది. మొన్న గుంటూరు వెళ్తుంటే దారిలో వెనక నుంచి అమ్మ "బండి ఆపేశావా ఏంటి" అని అడిగింది, మంగళగిరి దగ్గర సిగ్నల్లో ఉన్నాం, ఇంజను ఆన్‌లోనే ఉంది. పోయిన వారం అటువైపు పని ఉండి షెడ్డులో ఆగితే మేస్త్రి మళ్ళీ కిందకి దిగి వెనక గొట్టం ఊపి చూసి, కన్నాలు గుండ్రంగానే ఉన్నాయి పో అన్నాడు, డబ్బులు తీసుకోలేదు.

నేను ఇంకో రబ్బరు అదనంగా కొని డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టుకున్నా, ప్యాకెట్ మీద పార్ట్ నంబరు కూడా ఉంటది కాబట్టి దారిలో ఏ షాపులోనైనా చూపించొచ్చు. షెడ్డు ఆదివారం ఉండదు. పొద్దున 9కల్లా వెళ్తే లారీలు రాకముందే గుంత ఖాళీగా దొరుకుద్ది.