జీఆర్ఈ పదాలకు అంకీ: సాఫ్ట్‌వేర్ భేష్, రెడీమేడ్ డెక్‌లు దండగ

జీఆర్ఈ స్థాయి ఇంగ్లిష్ పదాలను పట్టుబట్టి నేర్చుకునేవారికి అంకీ అనే ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్‌ను మించిన సాధనం నాకు ఇంతవరకు కనబడలేదు. అయితే దానికోసం ఊరికే దొరికే రెడీమేడ్ డెక్‌లను, అంటే ఎవరో తయారుచేసి పెట్టిన కార్డుల కట్టలను మాత్రం ఎవరికీ సిఫారసు చేయను. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఇది ఉచితం, ఐఫోన్ యాప్‌ను కొనుక్కోవాలి.

కార్డు ముందువైపు చూసి, అర్థాన్ని మనసులో చెప్పుకొని, వెనుకవైపు సరిచూసుకున్నాక అగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కితే, ఆ పదం మళ్లీ రేపే రావాలా, పది రోజులకు రావాలా, మూడు నెలలకు రావాలా అన్నది సాఫ్ట్‌వేరే తేల్చుతుంది. ఈ లెక్కకు మూలం సూపర్‌మెమో అనే పాత సాఫ్ట్‌వేర్ వాడిన 1987 నాటి పద్ధతి. 2023లో చేరిన ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త పద్ధతిని సెట్టింగుల్లో ఆన్ చేసుకోవడం మంచిది. పదం గుర్తు రాకపోయినా అగైన్ నొక్కడానికి మనసొప్పక హార్డ్ నొక్కేవారున్నారు. హార్డ్ అంటే కష్టపడైనా గుర్తు తెచ్చుకున్నట్టే అంకీ భావిస్తుంది కనుక, మరిచిన పదం వెంటనే ఎదురుపడవలసింది పోయి దూరం జరిగిపోతుంది.

ఇక రెడీమేడ్ డెక్‌లలో చాలావాటిలో లాకోనిక్, టాసిటర్న్, రెటిసెంట్ మూడింటి వెనుకా దాదాపు ఒకటే అర్థం, తక్కువగా మాట్లాడే అని ఉంటుంది. కార్డు దాటడానికి అది చాలు, పరీక్షకు చాలదు. 2011లో వ్యతిరేకపదాలు, అనాలజీలు (పదాల జతల మధ్య పోలికలు) అడిగే ప్రశ్నలు తీసేశాక జీఆర్ఈ పదాన్ని వాక్యంలో పెట్టే అడుగుతోంది. క్లుప్తమైన జవాబును లాకోనిక్ అంటారు గాని టాసిటర్న్ అనరు. అది ముభావంగా ఉండే మనిషికి చెల్లే మాట. ఈ తేడా పట్టుబడాలంటే, చదువుతున్న వ్యాసంలో పదం తగిలిన వాక్యాన్నే కార్డుకు ఎక్కించి, పదం చోట ఖాళీ వదలాలి. క్లోజ్ (cloze) అనే కార్డు రకం ఉన్నది ఇందుకే. శ్రమే, కాదనను, కానీ సగం చదువు ఆ కార్డు రాసుకోవడంలోనే అయిపోతుంది.

చూడటానికి అంకీ పాతకాలపు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. దానికంటే పెద్ద ఇబ్బంది, రోజుకు 20 కొత్త కార్డులన్న ముందస్తు సెట్టింగు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారు దాన్ని సగానికి తగ్గించుకోకపోతే, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి పాత కార్డులు వందల్లో పేరుకుపోతాయి. అప్పుడు కొత్తవాటిని సున్నాకు తెచ్చి, బాకీ తీరేదాకా పాతవే తిప్పుకోవాలి.